ఫలం తినని పక్షి

ఒకే వృక్షాన్ని ఆశ్రయించిన రెండు పక్షుల దృష్టాంతం ముండకోపనిషత్తు తృతీయ ముండకంలో కలదు. ఋగ్వేద ప్రథమ మండలంలోనూ, శ్వేతాశ్వతరోపనిషత్తులోనూ ఆ మంత్రమే దర్శనమిస్తుంది. ఒక పక్షి ఆ చెట్టు ఫలాలను రుచి చూస్తూ ఉంటుంది. రెండవది ఏమీ తినదు, చూస్తుంది. మొదటిది కర్మఫలభోక్త అయిన జీవుడనీ, రెండవది సాక్షియైన ఈశ్వరుడనీ భాష్యకారులు వివరించారు. వేదాంతశ్రవణం చేసిన ప్రతి సాధకునికీ ఇది సుపరిచితమైన ఉపమానమే. సుపరిచితమైనంత మాత్రాన సులభమని కాదు. తినకుండా చూడడం ఎట్లా? చూచినదానిని కోరకుండా ఉండడం ఎట్లా? ఏమీ కోరని చూపు క్రమంగా దయలేని చూపుగా మారిపోదా? ఈ మూడు ప్రశ్నలూ సాధనామార్గంలో ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతాయి.

వీటికి సమాధానం వెదకుతూ ఉత్తర ఇంగ్లండు గ్రామసీమలవైపు దృష్టి సారించడం వింతగా తోచవచ్చు. కాని అక్కడ వసంతకాలంలో వేకువనే లేచి, మెడలో దుర్భిణి వేలాడదీసుకొని, చిత్తడినేలల అంచున గంటల తరబడి మౌనంగా నిలిచే స్త్రీపురుషులు వేలసంఖ్యలో ఉన్నారు. పక్షులను చూడడమే వారి వ్యాసంగం. పట్టరు, చంపరు, పంజరంలో పెట్టరు. చూస్తారు, వింటారు, జ్ఞాపకం ఉంచుకొంటారు, ఇంటికి వెళ్ళిపోతారు. వారిలో అత్యధికులకు ఉపనిషత్తు అనే మాటయే తెలియకపోవచ్చు. అయినప్పటికీ ఆ దేశంలో పక్షి యెడల మనిషి దృష్టి గత నూటయాభై సంవత్సరాలలో మారిన తీరును పరిశీలిస్తే, భోక్త ద్రష్టగా మారే క్రమం ఒకటి అందులో గోచరిస్తుంది. అందుచేతనే అది జిజ్ఞాసువులకు విచారణీయమైన విషయం.

లాంకషైర్, యార్క్‌షైర్, కంబ్రియా, నార్తంబర్లాండ్ అనేవి ఉత్తర ఇంగ్లండులోని సీమలు. వాటి నడుమ పెన్నైన్ పర్వతశ్రేణి వెన్నెముకవలె ఉత్తరదక్షిణాలుగా సాగుతుంది. ఎత్తైన భూములన్నీ చెట్లులేని బయళ్ళు. గడ్డి, హెదర్ పొదలు, నాచు కుళ్ళి శతాబ్దాలుగా పేరుకొన్న నల్లని తడినేల. క్రిందికి దిగితే రాతిగోడల నడుమ పచ్చిక పొలాలు, నదీలోయలు, రెల్లువనాలు, సముద్రతీరపు బురదమేటలు. చైత్రం ప్రవేశించినా అక్కడ మామిడిచిగురు లేదు, వేపపూత లేదు. తెల్లవారితే గడ్డిపై తెల్లని మంచు. మధ్యాహ్నం వడగండ్లతో కూడిన జల్లు. వసంతం అక్కడ కంటికంటె ముందుగా చెవికి తెలుస్తుంది.

మొదట తెలిపేది కర్ల్యూ. దీర్ఘమైన కాళ్ళు, క్రిందికి వంగిన మిక్కిలి పొడవైన ముక్కు, ఎండుగడ్డి వర్ణపు దేహం గల పక్షి అది. శీతకాలమంతా మోర్‌కాంబ్ అఖాతంవంటి తీరాల బురదలో ఆహారం వెదకుకొని, ఫిబ్రవరి, మార్చి మాసాలలో కొండబయళ్ళకు తరలివస్తుంది. గాలిలో పైకి లేచి, రెక్కలు చాచి మెల్లగా దిగుతూ అది చేసే కూజితం మొదట విడివిడి స్వరాలుగా ఆరంభమై, వేగం పుంజుకొని, నీరు పొంగినట్లు ప్రవహిస్తుంది. దానిని ఆలకించిన గొల్లలకూ రైతులకూ పంచాంగంతో పని లేదు. నార్తంబర్లాండ్ జాతీయవనం ఆ పక్షినే తన చిహ్నంగా ధరించింది.

తరువాత ల్యాప్‌వింగ్. ఇది సంస్కృత వాఙ్మయంలోని టిట్టిభానికి, తెలుగువారి తీతువు పిట్టకు దగ్గరి బంధువు. శిరస్సున సన్నని పింఛం, పచ్చని మెరుపు గల వీపు, గుండ్రని వెడల్పు రెక్కలు. ఇంగ్లండు పల్లెప్రజలు దాని అరుపును బట్టియే దానికి పీవిట్ అని పేరుపెట్టారు. భారతీయులు టిట్టిభమనీ తీతువనీ పేర్లు పెట్టింది కూడ అరుపును బట్టియే. భాషలు వేరైనా వినికిడి ఒక్కటే. ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికానుండి సుమారు 10,000 కిలోమీటర్లు ప్రయాణించి వానకోయిలలు వచ్చి, క్రిందటేడు గూడు కట్టుకొన్న పశువులకొట్టానికే తిరిగి చేరుతాయి. భరతపక్షి పాడుతూ పాడుతూ నిలువుగా ఆకాశంలోకి ఎక్కి, చుక్కవలె మారి, పాట మాత్రమే మిగులుతుంది. ఏప్రిల్ చివర కుకూ వస్తుంది. కోకిలవలెనే ఇదీ పరభృతం; కొండబయళ్ళలో మెడో పిపిట్ అనే చిన్నపిట్ట గూటిలో గ్రుడ్డు పెడుతుంది. పిల్లకు రెక్కలు వచ్చే నాటికి కన్నతల్లి ఆఫ్రికాకు వెళ్ళిపోయి ఉంటుంది. ఆ పిల్ల తల్లిదండ్రుల ముఖమైనా చూడకుండా, దారిచూపే తోడు లేకుండా, ఒంటరిగా ఆ మహాప్రయాణం చేస్తుంది. అప్పుడే జన్మించిన శిశువు స్తన్యం కోరడాన్ని పూర్వాభ్యాసానికి నిదర్శనంగా న్యాయసూత్రకారుడైన గౌతమమహర్షి చూపిన సంగతి తెలిసినవారికి, ఆ పిల్ల కుకూ ఒక సజీవమైన ఉదాహరణగా కనబడుతుంది. శాస్త్రజ్ఞులు దానిని వంశపారంపర్యసిద్ధమైన సహజజ్ఞానమంటారు. ఏ పేరు పెట్టినా, చూచేవానికి కలిగే విస్మయం సమానమే.

అయితే ఈ భూములలో మనిషి ఎల్లప్పుడూ ఇట్లా విస్మయంతో చూచినవాడు కాడు. పంతొమ్మిదవ శతాబ్దపు యార్క్‌షైర్ తీరాన బెంప్టన్, ఫ్లాంబరో అనే చోట్ల సుమారు 100 మీటర్ల ఎత్తున సముద్రంలోకి నిలువుగా దిగే తెల్లని కొండచరియలు ఉన్నాయి. వసంతంలో లక్షలాది సముద్రపక్షులు ఆ రాతి అరలలో గ్రుడ్లు పెట్టి పిల్లలను చేస్తాయి. ఆ కాలంలో వినోదార్థులు పడవలలో చరియ దిగువకు చేరి, గూళ్ళపై కూర్చున్న పక్షులను తుపాకులతో కాల్చేవారు. కిట్టివేక్ అనే సుకుమారమైన సముద్రపక్షి ఈకలు స్త్రీల టోపీలకు అలంకారాలయ్యేవి. తల్లి నేలకూలితే గూటిలోని పిల్లలు ఆకలితో మరణించేవి. ఆ సమీపంలోని బ్రిడ్లింగ్టన్ దేవాలయానికి అర్చకాధికారిగా ఉన్న రెవరెండ్ హెన్రీ బార్న్స్ ఈ దారుణాన్ని సహించలేకపోయాడు. సముద్రపక్షుల రక్షణకై ఒక సంఘాన్ని కూర్చి, పార్లమెంటు సభ్యుడైన క్రిస్టఫర్ సైక్స్ ద్వారా శాసనం ప్రతిపాదింపజేశారు. 1869లో అది చట్టమయింది. సంతానోత్పత్తి మాసాలలో సముద్రపక్షులను చంపడం నేరమని బ్రిటన్‌లో నిర్ణయమైంది అప్పుడే. ఒక చిన్న ఊరి అర్చకుడు తన దేవాలయపు గోడలు దాటి చూడడంవల్ల అది సాధ్యమయింది.

అది ఆరంభం మాత్రమే. 1889లో మాంచెస్టర్ సమీపాన డిడ్స్‌బరీలో ఎమిలీ విలియమ్సన్ అనే గృహిణి తన ఇంట ఒక స్త్రీల సంఘాన్ని స్థాపించింది. ఆహారంకోసం చంపిన పక్షివి తప్ప, అలంకారంకోసం చంపిన పక్షి ఈకలను ధరించబోమన్నది సభ్యులు స్వీకరించిన నియమం. ఉష్ట్రపక్షి ఈకలకు మాత్రం మినహాయింపు ఉండేది. ధర్మశాస్త్రపరిభాషలో దానిని వ్రతమనవచ్చు. ఇతరులను శాసించడానికి ముందు తమ శిరస్సుపై ఉన్నదానిని తీసివేయడంతో అది మొదలయింది. ఆ చిన్న సంఘమే వృద్ధి చెంది, 1904లో రాజశాసనపత్రం పొంది, నేడు బ్రిటన్‌లో పక్షిసంరక్షణకు ప్రధానాశ్రయంగా ఉన్న రాయల్ సొసైటీ అయింది. విదేశీ పక్షుల ఈకల దిగుమతిని నిషేధించే చట్టం రావడానికి 1921 వరకు నిరీక్షించవలసివచ్చింది. ల్యాప్‌వింగ్ గ్రుడ్లు సంపన్నుల భోజనపాత్రలలోకి చేరకుండా 1928లో ప్రత్యేక శాసనం జరిగింది. పంచతంత్రంలో టిట్టిభదంపతుల గ్రుడ్లను సముద్రుడు అపహరించగా, పక్షులన్నీ ఏకమై గరుత్మంతునికి మొరపెట్టుకోవడంవల్ల అవి తిరిగి లభించిన కథ ఉన్నది. ఇంగ్లండు టిట్టిభానికి గ్రుడ్లు దక్కడానికి మనుష్యులే మొరపెట్టవలసివచ్చింది. బెంప్టన్ చరియలమీద త్రాళ్ళతో దిగి గ్రుడ్లు ఏరే వృత్తి మాత్రం 1954 నాటి చట్టంతో గాని ఆగలేదు. నేడు వసంతంలో దాదాపు 5 లక్షల పక్షులు ఆ చరియలను ఆశ్రయిస్తున్నాయి. చూడవచ్చినవారు పైన కంచె వెనుక నిలబడి, గాలిలో తేలే గానెట్ పక్షులను కన్నులారా చూచి వెళ్ళిపోతారు.

హస్తం వెనుకకు తగ్గి నేత్రం ముందుకు రావడమే ఈ చరిత్రసారం. పూర్వం పక్షిశాస్త్రజ్ఞుడు కూడ పక్షిని కాల్చి, చేతిలో పట్టుకొని, అది ఏ జాతిదో నిర్ణయించేవాడు. దుర్భిణి అభివృద్ధి చెందిన తరువాత చంపకుండానే తెలుసుకోవచ్చునని తేలింది. జ్ఞానానికి హింస అనివార్యం కాదని ఋజువైనందుకు ఇది లౌకికరంగంలో ఒక మంచి నిదర్శనం.

కాని ఇంద్రియాల స్వభావం ఎరిగినవారు ఇక్కడే ఆగిపోరు. చేయి వదలినదానిని కన్ను పట్టుకొనగలదు. పక్షివీక్షకులలో ట్విచర్లు అని పిలువబడేవారున్నారు. ఎక్కడో అరుదైన పక్షి దిగిందని వార్త రాగానే వందల కిలోమీటర్లు పరుగెత్తి, ఒక్కసారి చూచి, పుస్తకంలో గీత గీసి, మరొకదానికై పరుగెత్తడం వారి రీతి. వారి ఓర్పు, శ్రమ, పరిజ్ఞానం నిజంగా ప్రశంసనీయాలే. అయినా ఆ పట్టికలో చేరిన పక్షి ఒక విధమైన ఆస్తి. అది లభిస్తే గర్వం, లభించకపోతే దుఃఖం, పొరుగువానికి లభిస్తే అసూయ. ఫలం తిన్నప్పటి లక్షణాలన్నీ అక్కడ ఉన్నాయి. భోగం నాలుకనుండి కంటికి స్థానం మార్చుకొన్నది, అంతే.

లాంకషైర్‌లో మోర్‌కాంబ్ అఖాతానికి చేరువలో లేటన్ మాస్ అనే విశాలమైన రెల్లువనం ఉన్నది. అక్కడ నీటి అంచున చెక్కతో కట్టిన మరుగుగదులు ఉంటాయి. హైడ్ అని వాటికి పేరు. సన్నని కిటికీల వెనుక కూర్చున్నవారు పక్షులకు కనబడరు. ఒక ఏప్రిల్ మాసపు వేకువను, గోదావరీతీరంనుండి కుమార్తె ఇంటికి వచ్చిన ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు, తన పదేళ్ళ మనుమనితో ఆ గదిలో కూర్చున్నాడు. బాలుని చేతిలో పక్షుల పేర్ల పుస్తకం, పెన్సిలు. ఆనాడు వారు వెదకుతున్నది బిట్టర్న్. కొంగజాతికి చెందిన ఆ పక్షి ఎండురెల్లు వర్ణంలో, నిలువు చారలతో ఉంటుంది. అలికిడి అయితే ముక్కు పైకెత్తి రెల్లులో రెల్లుగా నిలిచిపోతుంది. వసంతంలో మగపక్షి చేసే ధ్వని ఖాళీ కుండమూతిపై ఊదినట్లు గంభీరంగా కొన్ని కిలోమీటర్ల వరకు వినిపిస్తుంది.

రెండు గంటలు గడిచాయి. ఆ ధ్వని నాలుగుసార్లు వినవచ్చింది. పక్షి కనబడలేదు. బాలుడు పెన్సిలు క్రింద పెట్టి నిట్టూర్చాడు.

"తాతయ్యా, వెళ్ళిపోదాం. కనబడలేదుగా, గీత పెట్టుకోకూడదు."

"విన్నావు కదరా నాన్నా."

"విన్నది లెక్కకు రాదు తాతయ్యా. చూస్తేనే."

"వేదాన్ని శ్రుతి అని ఎందుకంటారో చెప్పాను, గుర్తుందా? మొదట వినడమే. చూడడం తరువాతి మాట."

బాలుడు కొంతసేపు ఆలోచించాడు. "మరి ఎప్పటికీ కనబడకపోతే?"

"ఆ ధ్వని ఎటు నుండి వస్తోందో అటు తిరిగి కూర్చో. అంతవరకే నీ పని. రావడం, రాకపోవడం దాని ఇష్టం."

ప్రక్కనే కూర్చున్న ఒక వృద్ధ ఆంగ్లేయుడు, భాష తెలియకపోయినా విషయం గ్రహించినట్లు చిరునవ్వు నవ్వి, కొంచెం జరిగి, బాలునికి కిటికీ దగ్గర చోటిచ్చాడు. ఆ ఉదయం బిట్టర్న్ కనబడనే లేదు. పుస్తకంలో గీత పడనూ లేదు. అయినా మరొక గంటసేపు వారు అక్కడే కూర్చున్నారు. ఆ గంటలో ఒక మార్ష్ హారియర్ డేగ రెల్లుపై తేలుతూ పోయింది. ఒక నీటిపిల్లి నీటిని చీల్చుకొంటూ దాటింది. నీటిపై పొగమంచు విడిపోయింది. గీతకోసం చూచినంతసేపు ఇవేవీ ఆ బాలుని దృష్టికి రాలేదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకు 24 గురువులని చెప్పాడు. వారిలో కురరపక్షి ఒకటి. నోట మాంసఖండం ఉన్నంతవరకు బలవత్తరమైన పక్షులు దానిని తరిమి బాధించాయి. మాంసాన్ని విడిచిన క్షణాన సుఖం లభించింది. పక్షిని చూచి తత్త్వం గ్రహించిన ఆ అవధూత నిజమైన పక్షివీక్షకుడు. కురరమంటే మత్స్యభోజియైన ఆస్ప్రే అని నిఘంటుకారులు కొందరు చెబుతారు. ఇంగ్లండులో చిరకాలం గూడు కట్టని ఆ పక్షి 2001లో కంబ్రియాలోని బాసెన్‌త్వేట్ సరోవరతీరాన పిల్లలను చేసింది. ఏటా ఏప్రిల్‌లో ఆఫ్రికానుండి తిరిగివచ్చే ఆ పక్షులను దూరంగా నిలిపిన పెద్ద దుర్భిణులనుండి చూడవలసినదే, గూటిని సమీపించరాదు. అరుదైన పక్షులను గూటివద్ద కలవరపెట్టడం 1981 నాటి చట్టం ప్రకారం నేరం. చూపుకు సైతం హద్దు ఉండాలన్నది దాని భావం. ద్రష్ట యొక్క కుతూహలం దృశ్యానికి భారం కారాదు.

ఈ నేలలు పక్షులకు ఎట్లా లభించాయన్నది కూడ ఆలోచించదగిన విషయమే. లేటన్ మాస్ లోయను పూర్వం ఎండగట్టి పైరులు పండించారు. నీరు చేరకుండ ఆవిరియంత్రం నిరంతరం తోడుతూ ఉండేది. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1917లో, ఆ యంత్రం ఆగిపోయింది. నీరు తిరిగివచ్చింది, నీటివెంట రెల్లు వచ్చింది, రెల్లులోకి పక్షులు వచ్చాయి. లీడ్స్ నగరానికి సమీపంలో సెయింట్ ఎయిడన్స్ అనే చోట బొగ్గుకోసం తవ్విన మహాగర్తంలోకి 1988లో ఏర్ నది గట్టు తెంచుకొని ప్రవేశించింది. గని మునిగిపోయింది. అనంతరం కొన్ని సంవత్సరాలపాటు బొగ్గు తవ్వకం సాగించి ముగించిన పిమ్మట ఆ ప్రదేశం చిత్తడినేలగా రూపొందింది. నేడు అక్కడ రెల్లులో బిట్టర్న్‌లు గూళ్ళు కడుతున్నాయి. ఒకప్పుడు బొగ్గు తవ్విన మహాయంత్రం ఒక గట్టున నిశ్చలంగా నిలిచి ఉన్నది.

వీటిని చూచి, మనిషి ఏమీ చేయకుండా ఊరుకొంటే చాలునని కొందరు భావించవచ్చు. అది తొందరపాటు. రెల్లువనాన్ని కోయకుండ వదలివేస్తే ఎండిన ఆకులు పేరుకొని, నేల ఎత్తై, నీరు తగ్గి, కొన్నేళ్ళకు అక్కడ విల్లో పొదలు మొలుస్తాయి. అప్పుడు బిట్టర్న్‌కు నిలువనీడ ఉండదు. అందుకే ఏటా శీతకాలంలో పనివారూ స్వచ్ఛందసేవకులూ మోకాటిలోతు చలినీటిలో దిగి, రెల్లును కొంతకొంతగా కోసి, కాలువలు పూడిక తీసి, నీటిమట్టం సరిచూస్తారు. పంతొమ్మిదవ శతాబ్దాంతానికి బ్రిటన్‌లో గూడుకట్టడం మానివేసి, 1911లో తిరిగివచ్చి, 1997 నాటికి 11 మగపక్షుల ధ్వనులు మాత్రమే మిగిలిన బిట్టర్న్, నేడు 200 దాటిందంటే అది ఈ శ్రమవల్లనే. ఆ పక్షి వారికి కృతజ్ఞత చెప్పదు. వారిని చూస్తే దాక్కొంటుంది. రెల్లు కోసినవారిలో పలువురు దానిని చూచి ఉండరు. ఫలాపేక్ష లేని కర్మకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ కోరనక్కరలేదు. చేయి రెండు విధాలుగా పనిచేస్తుంది: తీసుకొనే చేయి ఒకటి, చూచినదానికై శ్రమించే చేయి మరొకటి. సాధకుడు విడువవలసినది మొదటిదానిని మాత్రమే.

ఇక మొదట వినిపించిన కర్ల్యూ వద్దకు తిరిగి రావలసి ఉన్నది. ఎందుకంటే అత్యంత క్లేశకరమైన ప్రశ్న దానిదే. ప్రపంచంలో గూళ్ళు కట్టే ఈ జాతి కర్ల్యూలలో సుమారు నాలుగవ వంతు బ్రిటన్‌లోనే ఉన్నాయి. 1990 దశకం మధ్యనుండి వాటి సంఖ్య అక్కడ దాదాపు సగానికి పడిపోయింది. 2015లో దానిని అత్యంత ఆందోళనకరమైన పక్షుల ఎఱ్ఱజాబితాలో చేర్చారు. కర్ల్యూ దీర్ఘాయువు గల పక్షి. 30 సంవత్సరాలు దాటి జీవించినవి ఉన్నాయి. అందువల్ల కొండబయలులో ఆ కూజితం ప్రతి వసంతంలోనూ వినవస్తూనే ఉంటుంది. విన్నవారు అంతా కుశలమే అనుకొంటారు. కాని గడ్డిలో నేలపై పెట్టిన నాలుగు గ్రుడ్లను నక్కలో, కాకులో తింటాయి. మిగిలిన పిల్లలు ఎగరకముందే గడ్డికోత యంత్రం వచ్చేస్తుంది. వృద్ధులైన దంపతులు ఏడాదికేడాది అదే పొలానికి వచ్చి, పాడి, గ్రుడ్లుపెట్టి, సంతానం లేకుండానే తీరానికి మరలిపోతున్నాయి. పాట ఉన్నది, వంశం లేదు. ఒకనాటి వసంతంలో ఆ పాట కూడ ఉండదు.

వాల్మీకిమహర్షి తమసానదీతీరాన చూచిన క్రౌంచపక్షిని పాశ్చాత్య నిఘంటుకారులు కొందరు కర్ల్యూ అని అనువదించారు. అది సారసపక్షి అయి ఉంటుందని ఇటీవలి పరిశోధకులు సహేతుకంగా నిరూపించారు. ఆ నిర్ణయం ఎట్లా ఉన్నా, ఆ ఘట్టంలోని ధర్మం ఒక్కటే. మహర్షి స్నానానికై వచ్చి, నిర్మలమైన నీటిని, వనాన్ని, జంటగా విహరిస్తున్న పక్షులను ప్రశాంతంగా చూస్తున్నాడు. ఆ క్షణాన ఆయన ఏమీ కోరని ద్రష్ట. నిషాదుని బాణం తగిలి మగపక్షి కూలింది, ఆడపక్షి ఆక్రందించింది. సాక్షిభావమంటే చలనరాహిత్యమే అయితే మహర్షి స్నానం ముగించుకొని వెళ్ళిపోవలసింది. ఆయన వెళ్ళలేదు. ఆయన హృదయం కరిగింది, శోకం శ్లోకమయింది, రామాయణానికి ఆరంభమయింది. స్వార్థం లేని చూపు కనుకనే ఆ దుఃఖం అంత నిర్మలంగా ఆయనలో ప్రవేశించగలిగింది. ఆ పక్షిని తినగోరినవాడు దాని మరణానికి ఏడ్వలేడు. తన పట్టికకై చూచినవాడు కూడ పూర్తిగా ఏడ్వలేడు. ఏమీ కోరనివాడే ఇతరుల బాధను బాధగా చూడగలడు.

కోరని చూపు నిర్దయగా మారదా అనే ప్రశ్నకు ఇదే సమాధానం. ఉదాసీనత వేరు, నిర్లక్ష్యం వేరు. ఉదాసీనుడు తనకొరకు ఏమీ కోరడు. నిర్లక్ష్యం చేసేవాడు తనను తప్ప దేనినీ చూడడు. బయటికి ఇద్దరూ నిశ్చలంగానే కనబడతారు. అందుచేత సాధకుడు తన మౌనం ఈ రెంటిలో దేనికి చెందినదో ఎప్పటికప్పుడు పరీక్షించుకోవాలి. బ్రిడ్లింగ్టన్ అర్చకుని దుఃఖం శాసనమయింది. డిడ్స్‌బరీ గృహిణి దుఃఖం వ్రతమయింది. చూచి ఊరుకొన్నవారి పేర్లు ఎవరికీ తెలియవు.

యార్క్‌షైర్ లోయలలో, ఉత్తర పెన్నైన్ సానువులలో, కొందరు రైతులు వసంతంలో పొలం గట్టున నిలిచి, కర్ల్యూ ఎక్కడ దిగుతున్నదో గమనిస్తారు. గూడు కనబడితే చుట్టూ తాత్కాలికమైన విద్యుత్కంచె వేయనిస్తారు. గడ్డికోతను జూలై వరకు వాయిదా వేస్తారు. లేదా ట్రాక్టరును ఆ భాగం చుట్టూ మరలించి, కొంత గడ్డిని కోయకుండ వదలివేస్తారు. వానలు ఎప్పుడు ముంచుకొస్తాయో తెలియని ఆ దేశంలో ఆలస్యమైన ప్రతి దినమూ ఎండుగడ్డికి నష్టమే; శీతకాలంలో ఆ మేరకు పశువులకు మేత తరుగుతుంది. అయినా పొలం మధ్య కోయని ఆ పచ్చికద్వీపం అట్లాగే నిలిచి ఉంటుంది. అందులో పొడవాటి కాళ్ళతో, ఇంకా వంకర తిరగని పొట్టిముక్కుతో, గడ్డిపోచల నడుమ పిల్లలు పురుగులను ఏరుకొంటూ ఉంటాయి. తల్లి గాలిలో తిరుగుతూ అరుస్తూ ఉంటుంది.

ఆ గడ్డి రైతు సొత్తు. ఆ ఫలం ఆయనకు అందుబాటులోనే ఉన్నది. ఆయన దానిని కోయలేదు, చూస్తున్నాడు.